అసీసీ ఫ్రాన్సిసు మహాశయుని చరిత్రము

ఈశ్వరభక్తి మార్గమున నడచువారికి అడ్డువచ్చు శత్రువులలో గర్వమువంటిది వేఱొకటి లేదు. కామక్రోధాదులు దుష్కార్యములయందే కానవచ్చును గనుక వానిని కనిపెట్టుట సులభము. గర్వమో, సత్కార్యములయందు సైతము ప్రవేశించి వానితోనే పెరుగును. దానము చేయువానికి దాతననియు, విద్య గడించినవానికి పండితుడననియు, ఆచారమును పాటించువానికి శుచిననియు, ఆచారమును విడిచినవానికి సంస్కర్తననియు గర్వము కలుగుచున్నది. విగ్రహముల యెదుట తల వంచమని ప్రతిన పూనిన మనకు ఈ యపాయము మఱింత దగ్గఱగా నున్నది. ఏలయన వంచుట మానిన తల పరమేశ్వరుని యెదుట గూడ నిటారుగానే నిలువ నేర్చును. ఇట్టి గర్వమును జీవితాంతము వెంటాడి, ప్రేమచేతను వినయముచేతను లోబఱచుకొనిన యొక క్రైస్తవ భక్తుని చరిత్రమును చదువరుల యెదుట నుంచ నెంచితిని. రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున యేసుని నీతిబోధలను అద్భుతకథలనుండి వేఱుచేసి గ్రంథముగా ప్రకటించినది మొదలు, ఆ బోధలు మన సమాజమువారికి పరాయివి కావు. ఆ బోధలను అక్షరాలా ఆచరింప బూనిన వారి చరిత్రమును పరాయిది కానేరదు.

ఇటలీదేశమున ఉంబ్రియా ప్రాంతమందు కొండవాలుననున్న అసీసీ యను చిన్న పట్టణములో, 1181 లేక 1182వ సంవత్సరమున ఫ్రాన్సిసు జన్మించెను. తండ్రి పియెత్రో బెర్నర్దోనే వస్త్రవర్తకుడు, ధనవంతుడు. తండ్రి వర్తకమునకై పరాసుదేశమునకు పోయియున్న కాలమున తల్లి శిశువునకు యోహానను పేరు పెట్టించెననియు, తిరిగివచ్చిన తండ్రి దానిని మార్చి ఫ్రాన్సిసని పిలిచెననియు చరిత్రకారులు చెప్పుదురు. బాలుడు కొంత లాటినును, కొంత పరాసుభాషను, తండ్రి యంగడిలో లెక్కలను నేర్చెను. యౌవనము రాగానే పట్టణములోని విలాసపురుషుల కందఱికిని అతడే నాయకుడయ్యెను. విందులకు వెచ్చించుటలోను, వింతవస్త్రములు ధరించుటలోను అతని మించినవారు లేకుండిరి. అతనికి ధనము గలదుగాని కులీనత లేదు. ఆ కొఱతను కత్తిచేత తీర్చుకొని రాజభటుడనిపించుకొనవలెనని అతని ప్రబలమైన కోరిక.

1202వ సంవత్సరమున అసీసీకిని పొరుగుననున్న పెరూజియా పట్టణమునకును యుద్ధము జరిగెను. అసీసీవా రోడిరి. ఫ్రాన్సిసు పట్టువడి సుమారొక సంవత్సరము చెఱలో నుండెను. విడుదలయైన పిమ్మట దీర్ఘవ్యాధి పాలయ్యెను. అంతటితో నైనను ఆశ చావలేదు. 1205వ సంవత్సరమున అపూలియాలో జరుగుచున్న యుద్ధమునకు పోవుటకై వెలగల కవచమును గుఱ్ఱమును సంపాదించుకొని, గొప్ప యోధుడనై తిరిగివత్తునని చెప్పి బయలుదేఱెను. స్పొలేటో పట్టణము చేఱునప్పటికే అతని మనస్సు తిరిగిపోయెను. ప్రభువును విడిచి సేవకుని కొలుచుట యేలనను ప్రశ్న రాత్రివేళ తన యంతరంగమున వినబడినదని అతడు నమ్మెను. మఱునాడే గుఱ్ఱమును వెనుకకు త్రిప్పెను. కీర్తిని తెత్తునని పోయినవాడు మార్గమధ్యముననే మరలివచ్చుట చూచి ఊరివారు నవ్వియుందురు. గర్వమునకు తగిలిన మొదటి దెబ్బ యిది.

ఆ కాలమున కుష్ఠరోగులు ఊరి వెలుపల వేఱుగా నుంచబడుచుండిరి. సుకుమారముగా పెరిగిన ఫ్రాన్సిసునకు వారనిన మిక్కిలి రోత; దూరమున వారి నివాసము కనబడినను ముక్కు మూసికొని తొలగిపోవుచుండెను. ఒకనాడు గుఱ్ఱమెక్కి పోవుచుండగా త్రోవలో నొక కుష్ఠరోగి యెదురయ్యెను. వెనుదిరుగబోయి, తన్ను తాను నిలుపుకొని, గుఱ్ఱము దిగి, వానికి ధనమిచ్చి, ఆ చేతిని ముద్దుపెట్టుకొనెను. పిమ్మట వారి నివాసమునకు పోయి పుండ్లు కడుగ నారంభించెను. చాల సంవత్సరములకు పిమ్మట మరణకాలమున తన జీవితమును తలచుకొనుచు, తన మార్పునకు మొదలు ఈ రోగుల సేవయేయనియు, పూర్వము చేదుగా నుండినది అప్పుడు తియ్యనయ్యెననియు అతడు వ్రాయించెను. చదువరులు గమనింపదగిన విషయ మొకటి యిచ్చట గలదు. అతని గర్వమును పోగొట్టినది తర్కము కాదు, ఉపవాసము కాదు. తాను తక్కువవానినిగా నెంచిన యొక మనుష్యుని తాకుటతో అది సడలెను.

ఊరి వెలుపల శిథిలమైన సాన్ దమియానో దేవాలయమున సిలువ యెదుట ప్రార్థించుచుండగా, పడిపోవుచున్న తన యింటిని బాగుచేయుమని దైవము తన్నాజ్ఞాపించినట్లు అతనికి తోచెను. వెంటనే తండ్రి యంగడిలోని వస్త్రములను ఫొలీన్యో పట్టణమునకు గొనిపోయి, వానిని, తానెక్కిన గుఱ్ఱమునుగూడ నమ్మి, ఆ సొమ్మును ఆ గుడి పురోహితునకు ఇయ్యబోయెను. అతడు పియెత్రోకు భయపడి పుచ్చుకొనలేదు. ఫ్రాన్సిసు ఆ సొమ్మును కిటికీలో పడవైచెను. తండ్రి కుపితుడై కుమారుని పట్టితెచ్చి యింట నిర్బంధించెను. తండ్రి యూరలేని సమయమున తల్లి జాలిపడి విడిచిపెట్టెను. తండ్రి తిరిగివచ్చి పురపాలకులయొద్ద వ్యాజ్యెము తెచ్చెను. దైవసేవలో ప్రవేశించిన తాను వారి యధికారమునకు లోబడినవాడను కానని ఫ్రాన్సిసు చెప్పగా, వివాదము బిషప్పు సన్నిధికి పోయెను.

న్యాయవాదవృత్తిలో నుండు నాబోటివానికి ఈ వ్యాజ్యెమునందు తండ్రి పక్షమే న్యాయమని చెప్పక తప్పదు. సొత్తు తండ్రిది, కుమారుడు అనుమతి లేక అమ్మెను. ఉద్దేశము పుణ్యమైనంత మాత్రమున అన్యుని సొత్తు మన సొత్తు కాదు. బిషప్పును అట్లే చెప్పి, సొమ్ము మరల నిచ్చివేయుమని తీర్పు చేసెను. ఫ్రాన్సిసు ఆ సొమ్మును మాత్రమేగాక తాను ధరించిన వస్త్రములను సైతము విడిచి తండ్రి పాదములయొద్ద పెట్టి, ఇకమీదట తనకు పరలోకమందలి తండ్రియే తండ్రియని అందఱును వినునట్లు చెప్పెను. బిషప్పు తన పైవస్త్రమును అతనికి కప్పెను. ఇది 1206వ సంవత్సరమున జరిగెను. చిత్రకారులెందఱో ఈ ఘట్టమును చిత్రించిరి. కాని సొత్తును సభలో విడుచుట యొకటి, గర్వమును విడుచుట వేఱొకటి. పదిమంది చూచుచుండగా త్యాగము చేయునప్పుడు ఆ త్యాగమే భూషణమగును. ఆనాటి యువకుని హృదయమున వైరాగ్యముతోపాటు కొంత వీరావేశమును ఉండెనని తలచుట తప్పుగాదు. పరీక్ష అటుపిమ్మట వచ్చెను.

సాన్ దమియానో గుడికై అతడు వీథివీథిని రాళ్లు యాచించి, తన భుజములమీదనే మోసికొని పోవుచుండెను. తండ్రి యెదురైనప్పుడెల్ల శపించుచుండెను. ఫ్రాన్సిసు మాఱుపలుకక, ఒక బీదవానిని వెంట నుంచుకొని, తండ్రి శపించినప్పుడు ఆ బీదవానిచేత ఆశీర్వాదము పొందుచుండెను. ఒకనాడు గుడిదీపమునకు నూనె యాచించుటకు ఒక యింటికి పోగా, అచ్చట తన పూర్వమిత్రులు కూడి జూదమాడుచుండిరి. వారిని చూచి సిగ్గుపడి వెనుకకు తగ్గెను. నాలుగడుగులు వేసి, తన సిగ్గునకు తానే సిగ్గుపడి, మరల లోనికి పోయి, తాను వెనుదీసిన పిఱికితనమును వారందఱి యెదుట నొప్పుకొని, పిమ్మట నూనె యడిగెను. సభలో వస్త్రములు విడుచుటకంటె ఈ చిన్న కార్యమే కష్టమైనదని నా యభిప్రాయము.

అటుపిమ్మట రెండు మూడేండ్లకు, సువర్ణము గాని రెండవ యంగీ గాని లేక బోధించుచు పొండని యేసు తన శిష్యులకు చెప్పిన యుపదేశమును గుడిలో విని, దానినే తన జీవితవిధిగా గైకొనెను. పట్టణములోని ధనికుడైన బెర్నార్డు తన సర్వస్వమును బీదలకు పంచి మొదటి సహచరుడయ్యెను. మఱి కొందఱు కూడిరి. 1209వ సంవత్సర ప్రాంతమున వారందఱు రోమునకు పోయి మూడవ ఇన్నొసెంటు పోపువలన నోటిమాటగా అనుజ్ఞ పొందిరి. అసీసీ పట్టణమున ఆ కాలమున జనులు పెద్దవారనియు తక్కువవారనియు రెండు పక్షములై కలహించుచుండిరి. ఫ్రాన్సిసు తన సంఘమునకు తక్కువ సోదరులను పేరే పెట్టెను. ఆ సంఘమున ఎవ్వరును అధిపతియని పిలువబడరాదనియు, పై యధికారమున నుండువారు సేవకులను పేరుతోనే యుండవలెననియు, ఒకరి పాదముల నొకరు కడుగవలెననియు ఏర్పఱచెను. 1212వ సంవత్సరమున గొప్పయింటి కన్యయగు క్లారా యిల్లు విడిచి వచ్చి అతని యుపదేశము పొంది, సాన్ దమియానోలో స్త్రీల సంఘమును నెలకొల్పెను.

కాలక్రమమున సోదరులు వేలకొలది యైరి. ఒకప్పుడు రాళ్లు రువ్విన జనులే ఇప్పుడు అతని వస్త్రపుటంచు తాకుటకు ముందుకు త్రోసికొని వచ్చుచుండిరి. ధనము విడిచినవానికి సన్మానము శత్రువై వచ్చును. ఫ్రాన్సిసు దీనిని బాగుగ నెఱిగినవాడు. ఒకమాఱు వ్యాధి చేత కొంచెము కోడిమాంసము తినెను. కొంత స్వస్థత కలుగగానే, ఒక సోదరునిచేత తన మెడకు త్రాడు కట్టించుకొని, తిండిపోతు ఇతడేయని చాటుచు తన్ను పట్టణమున నడిపింపుమని యాజ్ఞాపించెను. మఱియొకప్పుడు చలికాలమున వ్యాధిపీడితుడైన అతనికి కడుపుపై వెచ్చగా నుండుటకు అంగీలోపల నక్కతోలు కుట్టెదమని సోదరులు బ్రతిమాలిరి. లోపల కుట్టినంత తోలును పైనను కుట్టిన గాని ధరింపనని అతడు పట్టుపట్టెను. లోపల నొకటి పైన నొకటి యుండరాదని అతని నియమము.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి హృదయస్పర్శిగా తోచినది వేఱొక సంగతి. యాకోబను సోదరుడొకడు కుష్ఠరోగులకు శ్రద్ధతో సేవచేయువాడు, పుండ్లతో నిండిన యొక రోగిని వెంటబెట్టుకొని సోదరులుండు చోటికి వచ్చెను. ఫ్రాన్సిసు చూచి, ఇట్టివారిని ఇట్లు బయటకు తీసికొనివచ్చుట తగదని యాకోబుతో ననెను. పలుకగానే, ఆ రోగి విని చిన్నబుచ్చుకొనియుండునని గ్రహించెను. ఇరువది యేండ్ల ప్రాయమునాటి రోత మరల తన నోటినుండి వెలువడెనా యని పరితపించి, వెంటనే పీటరు కత్తానీ యొద్ద తన యపరాధమును చెప్పుకొని, తానొక ప్రాయశ్చిత్తమును నిర్ణయించుకొంటిననియు దానికి అడ్డుచెప్పరాదనియు కోరెను. ఆ ప్రాయశ్చిత్తము, ఆ రోగితో ఒకే పాత్రలో భోజనము చేయుట. రోగి చేతివ్రేళ్లు కొఱుకుడుపడి రక్తము కాఱుచుండెను. ఇద్దఱును ఒకే గిన్నెలో చేయి పెట్టి తినిరి. చూచుచున్న సోదరులు దుఃఖముచేత ఒక్కమాటయు పలుకలేకపోయిరి.

ఇక్కడ నా సంగతి యొకటి చెప్పుకొనక తప్పదు. ఒకానొక సహపంక్తి భోజనమున, అంటరానివారని లోకము తొలగించిన కులములవారితో కలిసి నేనును కూర్చుంటిని. ఇంటికి వచ్చుచు త్రోవపొడుగున ఆ సాహసమును తలచుకొని సంతోషించితిని. బంధువులేమందురో, పత్రికలలో ఎట్లు వ్రాయుదురో యనియు ఆలోచించితిని. వాకిలి చేఱిన పిమ్మట గాని, నా ప్రక్కను కూర్చుండి తినిన మనుష్యుని పేరైన నడుగలేదని నాకు జ్ఞప్తికి రాలేదు. నేను భోజనము చేసినది సంస్కరణముతో గాని ఆ మనుష్యునితో కాదు. ఫ్రాన్సిసు ఆ రోగితో తినినది ప్రాయశ్చిత్తముగా. మనము తినునది ప్రతిష్ఠకై. పంక్తి ఒకటే యైనను ఈ రెంటికిని ఎంత భేదమున్నదో చదువరులే యోచింతురుగాక.

1219వ సంవత్సరమున, క్రైస్తవులు ఐగుప్తుదేశమందలి దమియెట్టా పట్టణమును ముట్టడించుచుండ, ఫ్రాన్సిసు అచ్చటికి పోయెను. ఇల్యుమినాటో యను ఒక్క సోదరునితో ఆయుధము లేక శత్రుసైన్యములోనికి నడచి సుల్తాను అల్ కామిలును దర్శించెను. తన మతమున కతని త్రిప్పవలెనని పోయినవాడు త్రిప్పలేకపోయెను. సుల్తాను మర్యాదతో విని క్షేమముగా వెనుకకు పంపెను. ఈ యాత్ర నిష్ఫలమైనదని చెప్పువారు గలరు. కాని 1221వ సంవత్సరమున అతడు వ్రాసిన నియమావళిలో, మహమ్మదీయుల నడుమకు పోవు సోదరులు వాదములు గాని కలహములు గాని చేయక, దైవమునకై ప్రతి మనుష్యునికిని లోబడి యుండుచు, తాము క్రైస్తవులమని ఒప్పుకొనవలెనని చెప్పబడినది. బోధించుట మొదటి మార్గముగా గాక రెండవ మార్గముగా పేర్కొనబడినది. క్రైస్తవరాజులు కత్తులతో పోరుచుండిన కాలమున ఒక క్రైస్తవుడిట్లు వ్రాయుట సామాన్యము కాదు. వాదములో గెలుచుటయే మతసేవయని భ్రమించు మనకందఱికిని ఇందు పాఠము గలదు.

ఐగుప్తునుండి తిరిగివచ్చునప్పటికి సంఘమున భేదములు పుట్టియుండెను. బొలోన్యా పట్టణమున సోదరుల యిల్లని యొక గృహమునకు పేరు వచ్చెనని విని, రోగులతో సహా అందఱును వెంటనే వెడలిపోవలెనని యాజ్ఞాపించెను. ఆ యిల్లు తనదేయని కార్డినలు ఉగొలీనో బహిరంగముగా చెప్పిన పిమ్మట గాని మరల ప్రవేశింపనియ్యలేదు. రోగులను సైతము వెడలించుట కాఠిన్యమనియే నేను చెప్పుదును. వినయమును ఇతరులచేత బలవంతముగా ఆచరింపజేయబోవునప్పుడు అది వినయముగా నిలుచుట కష్టము. ఇది అతనికిని తెలియవచ్చెనో యేమో, 1220వ సంవత్సరమున సంఘాధిపత్యమును తానే విడిచి పీటరు కత్తానీ కప్పగించి, అందఱి యెదుట అతనికి మ్రొక్కి, విధేయుడనై యుందునని మాట యిచ్చెను. పీటరు మఱుసటి యేటనే మరణింపగా ఎలియాసు ఆ పదవికి వచ్చెను. 1223వ సంవత్సరమున మూడవ హొనోరియసు పోపు అంగీకరించిన నియమావళి, ఫ్రాన్సిసు మొదట కోరినంత కఠినముగా లేదు. తాను పుట్టించిన సంఘము తన చేయి దాటిపోవుట చూచుచు, దానిలో నొక సామాన్య సోదరుడుగా నుండుట ఎంత బాధాకరమో, సభలు స్థాపించి వానిలో అధ్యక్షపీఠమును విడువలేని మనవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

1224వ సంవత్సరమున లా వెర్నా పర్వతమున ఏకాంతధ్యానములో నుండగా, యేసుని గాయములవంటి గుర్తులు అతని దేహమున కలిగెనని అతని చరిత్రకారులు వ్రాసిరి. అద్భుతములను ఆధారముగా గొనని మనకు అతని గొప్పతనము ఈ గుర్తులవలన పెరుగదు, తరుగదు. ఆ గుర్తులను తానితరులకు కనబడకుండ దాచుచుండెనని ఆ చరిత్రకారులే చెప్పుదురు. మనము గ్రహింపదగినది అదియే.

పిమ్మట కన్నులు దాదాపుగా పోయెను. 1225వ సంవత్సరమున వైద్యులు చికిత్సయని కాల్చిన యినుముతో అతని కణతలయందు వాత పెట్టిరి. ఆ సమయమున అతడు అగ్నిని సోదరుడా యని పిలిచి, తనయెడ మృదువుగా నుండుమని వేడుకొనెను. ఆ యేటనే సూర్యుని, చంద్రుని, గాలిని, నీటిని, భూమిని సోదరసోదరీలుగా భావించి ఈశ్వరుని స్తుతించు గీతమును దేశభాషలో రచించెను. అప్పుడు అసీసీ బిషప్పునకును పురపాలకునకును తీవ్రమైన వైరము గలిగి, బిషప్పు అతనిని మతబహిష్కృతుని చేయగా, పురపాలకుడు బిషప్పుతో క్రయవిక్రయములు చేయరాదని పట్టణమున చాటింపించెను. వారిని కలుపువాడెవ్వడును లేకపోయెనని చింతించి ఫ్రాన్సిసు, తన గీతమునకు క్షమాగుణమును స్తుతించు చరణమొకటి చేర్చి, ఇద్దఱిని ఒకచోట చేర్పించి, సోదరులచేత దానిని పాడించెను. మొదట పురపాలకుడు కన్నీరు విడుచుచు బిషప్పు పాదములపై పడబోయెను. బిషప్పు అతనిని లేవనెత్తి, తన పదవికి వినయము తగియుండగా తన స్వభావము కోపమునకు లోనగుచున్నదని యొప్పుకొని, కౌగిలించుకొనెను. ఆ వ్యాజ్యెమున ఎవరిది న్యాయమో ఫ్రాన్సిసు విచారింపలేదు. గర్వముచేత బిగిసిన ముడిని న్యాయవిచారణ విప్పలేదని మా వృత్తిలో దినదినమును చూచుచున్నాము.

మరణము సమీపించినప్పుడు, తన దేహమును తాను మితిమీఱి కష్టపెట్టితినని ఒప్పుకొని, సోదరుడైన దేహమును క్షమింపుమని వేడుకొనెను. ఇతరులను క్షమాపణ కోరుట కొందఱికి సాధ్యము. తాను పుణ్యమనుకొని చేసినదానిలో దోషమున్నదని ఒప్పుకొనుట మిక్కిలి కొందఱికే సాధ్యము. 1226వ సంవత్సరము అక్టోబరు 3వ తేది సాయంకాలమున, తన కిష్టమైన పోర్త్యుంకులా యను చిన్న గుడియొద్ద, తన కోరికచొప్పున వట్టినేలపై పరుండబెట్టబడెను. అతని కోరికను గ్రహించిన సోదరుడొకడు ఒక యంగీని తెచ్చి, ఇది నీది కాదు, ఎరువుగా నిచ్చుచున్నానని చెప్పగా, తన దనునది ఏమియు లేకుండ చనిపోవుచున్నందుకు సంతోషించెను. అప్పటికతని ప్రాయము సుమారు నలుబది నాలుగేండ్లు.

రెండు సంవత్సరములు నిండకమునుపే, 1228వ సంవత్సరము జూలై 16వ తేదీని, ఒకప్పటి ఉగొలీనో కార్డినలును అప్పటి పోపునైన తొమ్మిదవ గ్రెగొరీ అతనిని పరిశుద్ధునిగా ప్రకటించెను. మఱునాడే అతని సమాధికై గొప్ప దేవాలయమునకు శంకుస్థాపనము జరిగెను. ఇల్లు గలదను పేరునే సహింపనివానికి అంతటి రాతిమందిరము కట్టిరి. మహాత్ములను పూజించుట వారిని అనుసరించుటకంటె సులభమగుటయే దీనికి కారణము. ఈ దోషము క్రైస్తవులది మాత్రమే కాదు. రామమోహనరాయలవారి పటమును గోడకు తగిలించి అంతటితో తృప్తినొందు మనదియు నగును.

సోదరులారా! ఫ్రాన్సిసు చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది బైరాగితనము కాదు. భార్యాబిడ్డలు, వృత్తి, సంఘసేవ గల గృహస్థులమగు మనకు సొత్తునంతయు విడుచుట విధిగాదు. గర్వమును ఎదుర్కొని పోరాడినకొలదిని ఆ పోరాటమే గర్వకారణమగును. అతడు దానిని జయించినది తన్ను మఱచునంతగా ఇతరుని ప్రేమించినప్పుడే. కుష్ఠరోగి చేతిని తాకినప్పుడును, నూనె యడుగుటకు జూదరుల యింటికి మరలినప్పుడును, ఒకే గిన్నెలో తినినప్పుడును అతని దృష్టి తనపైనుండి తొలగి యెదుటివానిపై నిలిచెను. మనము మన సమాజమందిరమునకు పోవుదినమున, ఈ వారములో నేనెవరిని తక్కువగా చూచితినని ఒక్కమాఱు నెమ్మదిగా ప్రశ్నించుకొందము. ఆ పేరు జ్ఞప్తికి వచ్చునేని, ప్రార్థన ముగిసిన పిమ్మట వారి యింటికి పోవుదము. పేరు తెలియదేని, మొదట పోయి పేరడుగుదము. సర్వజనులకును తండ్రియైన పరమేశ్వరుడు మన తలలను తన యెదుటను, తన బిడ్డల యెదుటను వంచుకొను శక్తిని ప్రసాదించుగాక.